గుడ్డు లేని ప్రసాదం

భక్తరక్షకుడైన నరసింహస్వామికి నమస్కరించి రాస్తున్నాను.

ధీరజ్, ఫ్రిజ్‌లోని చాక్లెట్ కేకు తినవద్దు. ఆ డబ్బానూ మీ బామ్మ గుండె మాత్రలనూ తీసుకుని వెంటనే మీ ఊరి పెద్దాసుపత్రికి రా. అంబులెన్సు వాకిట్లో ఉన్నది. నీ ఫోను పలకడం లేదు కనుక ఈ చీటీని ఫ్రిజ్ తలుపుకు అంటించి వెళ్తున్నాను. నిన్ను చూడవచ్చిన నాకు ఇక్కడి జర్మను రాదు, వైద్యులతో నువ్వే మాట్లాడాలి.

డబ్బామీద నీ గదిమిత్రుడు శరత్ "గుడ్డు లేదు" అని రాసి ఉండటం చూసి, మీ బామ్మ దానిని స్వామికి నివేదించి ఒక ముక్క తిన్నది. ఏమీ కాలేదు. అరగంటకు మరొకటి తిన్నది. ఇప్పుడు నన్ను గుర్తుపట్టడం లేదు. గోడలోనుంచి ఎవరో పిలుస్తున్నారంటోంది.

శరత్‌కు ఫోను చేస్తే, "అయ్యో తాతగారూ, అందులో గంజాయి కలిపినం! మొదటిసారైతే గోరంత తిని రెండు గంటలు ఆగాలె. గుండె మందులు వాడేటోళ్లు అసలే ముట్టొద్దు. ఇంకా ఎక్కుతది, ఒంటరిగ ఉంచకుండ్రి" అని, అంబులెన్సును తానే పిలిచాడు.

గుడ్డు లేదని రాసిన చేతికి గంజాయి ఉన్నదని రాయడానికి ఏమి అడ్డు వచ్చింది? నీకు తెలిసే ఉంటుందని అనుకోవడానికి నా మనసు ఒప్పడం లేదు. వైద్యుల వద్ద ఏదీ దాచకు.

ఇది చదివినవారికీ విన్నవారికీ స్వామి మెలకువను అనుగ్రహించుగాక.

తాతయ్య

మరచాను. దేవుని పీటమీద ఆకులో ఆమె నీ వాటా తీసి ఉంచింది. ప్రసాదాన్ని కాదనరాదని నీకు నేర్పినది నేనే. ఈ ఒక్కసారికి కాదను.