పదును చూసిన వేలు

లేడీస్ హాస్టల్, యూనివర్సిటీ క్యాంపస్,
తార్నాక,
14 జులై 2025

నా మీద అలిగి కూర్చున్న రజినికి నవత నమస్కారాలు.

మీ ఇంట్లో అందరూ క్షేమమేనని తెలుసు. నిన్ననే లాలాపేట్ వెళ్లి మీ తాత చేతి చాయ్ తాగి వచ్చాను. నువ్వు డ్యూటీకి పోయావట. ఫోన్‌లో నన్ను బ్లాక్ చేశావు కదా, అందుకే పోస్టు డబ్బా వెతుక్కోవాల్సి వచ్చింది తల్లీ.

ముందు మంచి కబురు. థీసిస్ ఇచ్చేశాను. అందులో 'పదును' అనే మాట మీద రాసిన అధ్యాయం గైడ్ మేడమ్‌కు బాగా నచ్చింది. మొదట్లో పదును అంటే కత్తి అంచేననీ, మిగతావన్నీ దాన్నుంచి వచ్చినవేననీ రాసిపారేశాను, గుర్తుందా? మా నాయన నవ్వాడు. వాన పడ్డాక పిడికెడు మట్టి పిసికి కింద వదిలితే ముద్ద పగిలి పొడి కావాలట, అప్పుడే నేల పదునైనట్టట. మీ తాతేమో తోలును బొటనవేలితో నొక్కి, తంగేడు చెక్క నీళ్లలో ఎన్ని రోజులు నానిందన్నది లెక్క కాదు బిడ్డా, వేలికి తెలువాలె అన్నాడు. కమ్మరి ఇనుము రంగు చూస్తాడు. ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను. పనికి సరిగ్గా సిద్ధమైన స్థితికే అందరూ ఆ మాట వాడారని మాత్రం తేల్చాను.

ఇక అసలు సంగతి. సెమినార్‌లో 'చంద్రయ్య, రైతు' అని మా నాయన పేరు చదివాను. మీ తాత దగ్గరికి వచ్చేసరికి 'ఒక వృద్ధ సమాచారదాత' అన్నాను. నువ్వు లేచి, "మీ నాయినకు పేరున్నది. మా తాతకు లేదా?" అని బయటికి నడిచావు. తోలు పని అని అందరిలో చెబితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని దాచానంటూ మెసేజ్ పెట్టాను. చదివి బ్లాక్ చేశావు. మంచి పని చేశావు.

ఇప్పుడు థీసిస్‌లో 'బిక్షపతి, తోలు పనివారు, లాలాపేట్' అని ఉంది. నిన్న చదివి వినిపిస్తే తాత ఆ పేజీని బొటనవేలితో నొక్కి చూశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఇంకో చాయ్ పోశాడు.

నీ కోపం తగ్గేదాకా ఎదురుచూసే,
నవత

తా.క.: ఆ మెసేజ్ అబద్ధం. దాచింది నీ కోసం కాదే. మా నాయన చదివితే ఎవరింట్ల తిన్నవని అడుగుతాడని భయపడ్డాను. రెండేళ్లుగా మీ ఇంట్లో అన్నం తింటున్న సంగతి మా ఇంట్లో చెప్పనే లేదు. మొన్న ఊరికి పోయి అంతా చెప్పాను. నాయన లేచి పోయి గొడ్లకు మేత వేసి వచ్చాడు. చివరికి, "ఆ పెద్దమనిషి గూడ వేలితోనే చూస్తడా?" అని అడిగాడు. వచ్చే ఆదివారం మీ తాతను చూడటానికి వస్తున్నాడు. అన్నం మీ ఇంట్లోనే అన్నాను, సరేనన్నాడు. నువ్వు ఇంట్లో ఉండు.