గరిటె కాడకు ఎర్రదారం

ప్రూఫు గది,
మార్చి 14, శుక్రవారం.

అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి రాసేది,

మేం క్షేమం అని మొదలుపెట్టడానికి సిగ్గుగా ఉంది. పదకొండు రోజులుగా క్యాంటీనులో నీ పొయ్యి వెలగలేదు. మేం మాత్రం బయటి పొట్లాలు విప్పుకుని తింటున్నాం.

ముందు మంచి కబురు. మన బైండింగు పిల్ల పిచ్చుక మొన్న పనిలోకి వచ్చింది. కళ్ల కింద వాపు ఇంకా ఉంది గానీ, ఎప్పటిలాగే సూదీ దారం పట్టుకుని పుస్తకాలు కుడుతోంది. రాగానే నిన్నే అడిగింది. నా తిండి సంగతి నాకన్నా అక్కయ్యకే ఎక్కువ తెలుసు, ఆవిడ చెయ్యి తప్పదు అంది.

ఇక కోపం కబురు. ఆ రోజు అన్నం తిన్నాక పిచ్చుకకు ఊపిరాడకపోయినదానికి మేనేజరు మొదట కిటికీ బయటి చెట్టు మీద నెపం పెట్టాడు. పూల కాలం, పుప్పొడికి ఆ పిల్ల తుమ్మడం మామూలే, మధ్యలో ప్రెస్సేం చేసింది అన్నాడు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. పుప్పొడికి ఊపిరి ముందే బిగుసుకుని ఉండొచ్చు, తిన్న వెంటనే కట్టలు మోస్తూ మెట్లెక్కడమూ చేటు చేసి ఉండొచ్చు, కానీ గొంతు మూసుకుపోయింది వేరుశనగ వల్లే అంది. ఇంజెక్షను ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే పిల్ల దక్కేది కాదంది. చెట్టుకు జీతం ఆపడం కుదరదు కదా, మేనేజరు నీ మీద పడి నీ జీతం ఆపాడు.

భోజనానికి పావుగంటే ఇచ్చిందెవరు? తిన్న పిల్లను తిన్నట్టే మెట్లెక్కించిందెవరు? మందుల పెట్టెలో ఆ ఇంజెక్షను ఒకటి ఉంచమని నువ్వు రెండుసార్లు అడిగితే, ఇది ప్రెస్సా ఆసుపత్రా అని నవ్విందెవరు? సోమవారం విచారణలో అన్నీ అడుగుతాను. మనవాళ్లనూ వదలను. చిటికెడు పొడికి ప్రాణం పోతుందా, మా ఇంట్లో గుప్పెళ్లకొద్దీ తింటాం అన్నాడు స్టోరు గుమాస్తా. నీ చెప్పు నీకు సరిపోయిందని ఊరంతా అదే తొడుక్కోవాలా అన్నాను. మూతి ముడుచుకుని పోయాడు.

విచారణ ఒక్కచోటే చిక్కుకుంది. ఎవరి కూర వాళ్లే వడ్డించుకునే చోటు మనది. వేరుశనగ లేకుండా నువ్వు విడిగా వండి, ఎర్రదారం కట్టిన గరిటె పెట్టిన గిన్నె జోలికి పిచ్చుక తప్ప ఎవరూ వెళ్లరు. ఆ రోజు దారం లేదు. వేరుశనగ పొడి వేసిన కూరలో ముంచిన గరిటెనే ఎవరో దీంట్లోనూ ముంచారు. చివర్లో హడావుడిగా వచ్చిన పిచ్చుక చూసుకోలేదు. దారం కట్టానని నువ్వంటావు, మరిచిపోయావని వాళ్లంటారు. ఇప్పుడు నా చేతుల మీద నాకే అనుమానంగా ఉందని నువ్వు మీ చెల్లెలితో అన్నావట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

సోమవారం తప్పకుండా రా.

నీ తమ్ముడు,
ప్రూఫ్‌రీడరు, యూనియన్ కార్యదర్శి.

తా.క. కవరులో ఎర్రదారం ఉంది, చూడు. ఆ రోజు భోజనం గంట కొట్టే ముందు, నువ్వు కింద బియ్యం బస్తాలు దింపించుకుంటుంటే, నేనే విప్పాను. అంతకు ముందు రోజే నీతో వాదించాను కదా, ఒక్క పిల్లకు గిన్నె వేరు, గరిటె వేరు ఏమిటి, మనుషుల్ని వేరుపెట్టడం మన క్యాంటీనులోనా అని. ఇది వెలి కాదు తమ్ముడూ, కాపలా అన్నావు. వెలి మీద ఇరవయ్యేళ్లుగా కరపత్రాలు రాస్తున్నవాణ్ణి, నీ దగ్గర నేర్చుకునేదేముంది అనుకున్నాను. విచారణ మొదటి రోజు నోరు విప్పలేదు. సోమవారం నా మొదటి మాట ఇదే. మేనేజరును అడగాల్సినవి ఆ తర్వాతే అడుగుతాను.

నీ చేతులు తప్పు చేయలేదు. దారం వెంట తెచ్చుకో. పిచ్చుక బయటి పొట్లం ముట్టలేక, మూడు రోజులుగా ఇంటి నుంచి వట్టి రొట్టె తెచ్చుకుంటోంది.