జెడ్ గడిలోని అంకె

12 ఆగస్టు 2004, గురువారం

ఎముకల స్కాన్ కాగితం పట్టుకుని మలక్‌పేట డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాం. అందులో టి అనే గడిలో మైనస్ రెండు పాయింట్ ఆరు చూసి, ఎముకలు గుల్లబారాయని నెల నుంచి ఏడుస్తున్నాను. నడుం విరుగుతుందేమోనని బాబును ఎత్తుకోవడం కూడా మానేశాను.

"ఆ అంకె పెద్ద వయసు వాళ్లకమ్మా. ముప్పై ఏళ్లదానివి, నీ ఈడు వాళ్లతో పోల్చే జెడ్ చూడాలి" అందామె. ప్రాణం లేచొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. జెడ్ కూడా మైనస్ రెండు పాయింట్ నాలుగు. మైనస్ రెండు దాటితే తక్కువకిందే లెక్కట.

"ఈ వయసులో ఊరికే ఇంత తగ్గదు. ఏం మందులు వాడుతున్నావ్?"

ఆయాసం గోలీలు చూపించాను. లాల్‌దర్వాజా మెడికల్ షాపులో డాక్టర్ చీటీ లేకుండానే ఇస్తారు. నాలుగేళ్లుగా రోజూ వేసుకుంటున్నాను.

"ఇది స్టెరాయిడ్. ఎముకల్ని తినేది ఇదే అయ్యుంటుంది. అలాగని ఒక్కసారే ఆపితే ప్రాణం మీదికొస్తుంది. నేను చెప్పినట్టు తగ్గించు."

బయటికొచ్చాక మా ఆయన గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. "నెలనెలా తెచ్చింది నేనే గద. నాకేమెర్కనే?" అన్నాడు. ఆయన్నేమనను? నేను చేసిందేమిటి? చెల్లెలికి ఇరవై రెండు నిండలేదు. దానికీ ఆయాసమేనని రెండేళ్లుగా నా గోలీలే పంపుతున్నాను.

సాయంత్రం చెల్లెలే ఫోన్ చేసింది. "అక్కా, గోలీలు ఒడిసినయ్. బావతోని పంపరాదే."

పంపితే ఎముకలు, పంపకపోతే ప్రాణం. పొద్దున్నే నాతో దవఖానకు రమ్మన్నాను.

"నాకేమైందే? మస్తుగున్న" అని నవ్వింది.