గనిగేటు దగ్గర మన సరిత

రాజవ్వా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడేళ్లు. మన తెలంగాణ వచ్చింది. మన బిడ్డ సరితకు దూరాన గోలేటిలో టీచరుద్యోగం కూడా వచ్చింది. పోనంటోంది.

"నేను పోతె, ఈయన గనిల నుంచి పైకొచ్చిండో లేదో ఎవలు చూస్తరు బాపూ?" అంటుంది. గనిలో దిగిన నా కోసం అప్పట్లో నువ్వు నిలబడ్డట్టే, షిఫ్టు విడిచే వేళకు గేటు దగ్గర నిలబడుతోంది.

మనసుకు దగ్గరైనవాళ్లను నమ్మి వదలగలిగితేనే ఇద్దరూ ఎదుగుతారని మొన్న పేపర్లో చదివాను. మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితం కాబట్టి, ఎట్లా వదలాలో రాసిన సగం నూనెలో కలిసిపోయింది. నా చదువంతా అట్లాంటిదే కదా. ప్రైవేటుగా కట్టిన పదో తరగతి పరీక్ష మానుకుని నువ్వు గేటు దగ్గర నిలబడ్డ రోజు, నేను దోస్తులందరికీ గొప్పలు చెప్పుకున్నాను. నీ చెయ్యి పట్టుకుని సరిత అంతా చూసింది.

నిన్న అల్లుడు నన్ను పక్కకు పిలిచాడు. బొగ్గు పేల్చడానికి మందు పెట్టేది అతనే.

"మామా, ఆమెను గేటు కాడికి రావద్దను. కింద మందు పెడుతుంటె ఆమె మొఖమే యాదికొస్తది. చేతులు వణుకుతున్నయ్."

ఆ మాట చెప్పాలనే ఇవాళ గేటుకు పోయాను. నన్ను చూసి సరిత కాస్త జరిగి చోటిచ్చింది.

"మంచిగొచ్చినవ్ బాపూ! ఒక్కదాన్నే నిలవడితె ఫికరైతుంది. ఇగ ఇద్దరం చూద్దాం."

ఆమె ఇచ్చిన చోట్లోకి జరిగి నేనూ నిలబడ్డాను. పైకొచ్చిన అల్లుడు మా ఇద్దరినీ చూసి చేతులు జేబుల్లో దాచుకున్నాడు.

రేపు కూడా అతనికి డ్యూటీ ఉంది. ఇద్దరం కలిసే పోదామంటోంది సరిత.