ఇగ చాలన్న మాట

సంతోష్‌నగర్,
శుక్రవారం.

సుశీలకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. భివండీలో నువ్వు, రశ్మి, పసిపాప కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అడిగావు కదా, మోకాలి నొప్పి తగ్గింది. అన్నం మాడినా తింటున్నాను. బక్రీద్ కత్తులు అయ్యాయా అంటే ఫోన్‌లో అయ్యాయన్నాను. అయ్యాయి. కానీ ఒకటి ఖలీల్ భాయ్ తన దుకాణంలో మాంసం కొడుతుంటే ఫట్టున విరిగింది. అతని అరచేతికి ఆరు కుట్లు పడ్డాయి. బొటనవేలు ముడవడం లేదు.

కట్టుతోనే ఇంటికొచ్చాడు. "ఓదెలు భాయ్, బారా సాల్ల నుంచి నీ కత్తే వాడుతున్న. గిట్ల ఎన్నడు కాలే. ఏమైంది?" అన్నాడు. ఇనుము మంచిది కాదని అబద్ధమాడాను. ఎప్పుడూ వాడే లారీ కమాను పట్టీయే అది.

ఇక దాచలేను. ఎర్రగా కాల్చి నూనెలో ముంచేదాకా ఫికర్ లేదు, అయస్కాంతం అంటకపోతే కాలినట్టే. తర్వాత పెళుసు పోవడానికి మళ్లీ సన్నసెగ చూపిస్తాం కదా, అంచు మీద పసుపు పాకి గోధుమరంగుకు తిరిగేదాకా. ఆ తేడా నాకు కనబడదు, సుశీలా. పుట్టినప్పటి నుంచీ అంతే. కమ్మరోడి కొడుకునై ఆ మాట ఎవరితో చెప్పను? మా బాపు ఉన్నన్నాళ్లు ఆ రంగు ఆయన చూసేవాడు. ఆయన పోయాక నువ్వు బ్లోయర్ తిప్పుతూ "ఇగ చాలు, తియ్యి" అనేదానివి. "నాకు తెల్వదా" అని కసిరి, నువ్వన్నప్పుడే తీసేవాణ్ని. ఈ పన్నెండేళ్లూ నీ చూపుతో అయిన కత్తుల మీద నా పేరు ముద్ర కొట్టుకున్నాను.

పురుడుకని నువ్వెళ్లాక ఇరవై రెండు చేశాను, అన్నీ అందాజు మీదే. దుకాణం దుకాణం తిరిగి పదిహేను వెనక్కి తెచ్చాను. ఆరు ఎవరి చేతుల్లో ఉన్నాయో తెలియదు. పండుగకు ఇంకా ఎనిమిది రోజులే ఉంది. ఫోన్ మోగితే ఇంకెవరి చెయ్యి తెగిందో అనిపిస్తోంది. వీడియోలో నీకు చూపిద్దామనుకున్నాను, సెగ ముందు ఫోన్ అంతా తెల్లగానే చూపిస్తోంది.

పొద్దున ఖలీల్ భాయ్‌కి నిజం చెప్పాను. కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని అడిగాడు.

"భాభీకి తెల్సా?"

"తెల్వదు."

"ముందుగాల ఆమెకు చెప్పు."

ఫోన్‌లో చెప్పే ధైర్యం లేదు. అందుకే స్పీడ్ పోస్టులో రాస్తున్నాను.

రశ్మి పచ్చి బాలింత, నిన్ను రమ్మనకూడదనుకునే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రా, సుశీలా. వెనక్కి తెచ్చిన కత్తులు కొలిమి పక్కనే ఉన్నాయి. ఈసారి నిన్ను కసరను.

ఇట్లు,
రశ్మి బాపు