ఉజని పడవకు కొత్త ఆల్టర్నేటర్

అపర్ణా,

ఉజని డ్యామ్ పడవకు నిన్న కొత్త ఆల్టర్నేటర్ బిగించి వైర్లు కలిపాను. ఈ రోజు లైట్లన్నీ వేసి గంటసేపు నడిపి చూడాలి, వెళ్తున్నాను. పాతది గోనెసంచిలో ఉంది. పాత ఇనుము కొనే భంగారువాడికి ఇవ్వకు, పుల్లీ పనికొస్తుంది. అమ్మ చాటలో బీడీ ఆకు ఎండిపోతోంది, పక్కింటి విజయత్తకు ఇచ్చెయ్. నువ్వు మాత్రం వేళకు తిను, రోజూ చెప్పించుకోకు.

నిన్న సాయంత్రం అమ్మ ఫోనుకు ఎందుకు కాల్ చేశానో చెప్తాను. ఇంజను నడవగానే మీటరు పద్నాలుగు వోల్టులు చూపింది. పనైందని చెబుదామని అలవాటుగా అమ్మ నంబరు నొక్కాను. "ఏంది బాపూ, మాట్లాడవేంది" అని నువ్వు అడిగితే, అమ్మ పోయి పదహారు రోజులైందని గుర్తొచ్చి పెట్టేశాను. ఏడుపు రాలేదు బిడ్డా. ఏమీ రాలేదు. చేతులు కడుక్కుని పనిముట్ల పెట్టెలో పానాలు సర్దుకున్నాను.

బాపు

ఆ నంబరు ఇప్పుడే బంద్ చేయించకు.