పదిహేడో సీనులోని వల

గుడివాడ,
ఆగస్టు 2

ముద్దుల అమ్మకు,

ఫోన్‌లో చెబుదామంటే నువ్వు "తిన్నావా, పడుకున్నావా" దాటి మాట్లాడనివ్వవు. అందుకే రాస్తున్నాను. రెబెకా టీచరుగారూ, చివరి పేరా కాస్త నెమ్మదిగా చదివి వినిపించండి.

మా స్టూడియోకి మంచి పని వచ్చిందమ్మా. తుఫాను హెచ్చరిక రాగానే పడవలు ఏం చెయ్యాలో చూపించే నాలుగు నిమిషాల బొమ్మల సినిమా. ఈ నెల 29న బందరు హార్బరులో నాన్నలా వేటకి వెళ్ళేవాళ్ళందరికీ వేసి చూపిస్తారు. బొమ్మలు తయారుచేసి కదిలించే పని నేనూ క్రాంతి కుమార్ గారూ పూర్తి చేశాం. ఇక మిగిలింది రెండరింగ్. అంటే వెలుగూ నీడా నీళ్ళూ లెక్కగట్టి కంప్యూటరు ఒక్కో బొమ్మనీ సినిమాలో కనబడేలా పూర్తి చెయ్యాలి. అలాంటివి ఆరు వేలు. ఒక్కోదానికి అరగంట. మా నాలుగు కంప్యూటర్లూ ఆగకుండా చేసినా నెల రోజులు. అప్పటికి 29 దాటిపోతుంది.

అందుకని ఎక్కడో ఉన్న వందల కంప్యూటర్లను ఇంటర్నెట్‌లో అద్దెకి తీసుకోవాలి. పెళ్ళికి మన పొయ్యి చాలదని వంటవాళ్ళకి అప్పగిస్తాం చూడు, అలాగ. దీన్ని క్లౌడ్ రెండరింగ్ అంటారు. చేసిపెట్టే సంస్థలు చాలా ఉన్నాయి. వాటిలో ఏ సంస్థో తేల్చే పని మా స్టూడియో నడిపే సాల్మన్ రాజు సార్ నాకే ఇచ్చారు. "పదకొండో తారీకు సోమవారం పొద్దున్న పేరు చెప్పు దుర్గా. నువ్వు ఏదంటే అదే" అన్నారు. మనింట్లో సంతకం పెట్టడం నేర్చిన మొదటి మనిషిని నేను. ఇప్పుడు స్టూడియోలో ఆరుగురి కష్టం నా మాట మీద ఉంది. భయం లేదమ్మా, నాకు బాగానే ఉంది.

మూడు సంస్థలు ఎంచాను. మొదటి సీనులో ఒక బొమ్మ, తెల్లారి సముద్రం మీద ఒక్క పడవ, మూడింటికీ పంపి చూశాను. మొదటిది నాలుగు నిమిషాల్లో అద్దంలా చేసి పంపింది. రెండోదానికి ఏడు నిమిషాలు పట్టింది. మూడోది పదకొండు నిమిషాలు తీసుకుంది, పైగా ఏ ఫైళ్ళు వాడారు, ఏ సాఫ్ట్‌వేరు అని ప్రశ్నల మీద ప్రశ్నలు. మొదటిదే ఖాయం చేసుకున్నాను, సార్‌తో కూడా మాటవరసకి అన్నాను.

ఇంకొక మాట. జూన్‌లో నువ్వు పీతల బకెట్టు పట్టుకుని మా ఆఫీసుకి వచ్చావు. నువ్వు వెళ్ళగానే క్రాంతి కుమార్ గారు "ఎవరండీ ఆవిడ?" అన్నారు. నేను "మా ఊరావిడండీ" అన్నాను. ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. చేపల వాసన నా దాకా రాకూడదనుకున్నాను. రెండు నెలలుగా నీతో మాట్లాడిన ప్రతిసారీ ఆ సంగతి చెప్పకుండానే ఫోన్ పెట్టేస్తున్నాను.

నీ
దుర్గ

*

నాగాయలంక,
ఆగస్టు 6

దుర్గమ్మా,

నేను చెబుతున్నాను, టీచరుగారు రాస్తున్నారు. ఒక్క మాట మార్చొద్దన్నాను.

ఆ రోజు నేను మెట్ల మీదే ఉన్నానే. చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుంటున్నాను. విన్నాను. నాలుగు రోజులు అన్నం సయించలేదు. మీ నాన్నకి కూడా చెప్పలేదు. నువ్వు చెబుతావో లేదో చూద్దామని ఊరుకున్నాను. చెప్పావు. అయినా అబద్ధమేం ఆడావు, మీ ఊరావిడనే కదా! ఆ ఊరావిడ పీతలు మాత్రం అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారా లేదా?

ఇక నీ కంప్యూటర్ల సంగతి. టీచరుగారి చేత రెండుసార్లు చదివించుకున్నాను. నువ్వు గంపలో పైచేప చూసి వేలం పాడేశావు. రేవులో పైన చందువ చేపలు తళతళలాడేట్టు పేరుస్తారు. నేను మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, అడుగుచేప తీసి, మొప్ప ఎత్తి చూస్తాను. ఎర్రగా ఉంటే తాజా చేప, అప్పుడే పాట. "ఎల్లమ్మక్క చెయ్యి పెట్టిందంటే గంప బోర్లించినట్టే" అని తిట్టుకుంటారు. తిట్టుకోనీ. తెల్లారి సముద్రం ఎవడైనా చేస్తాడు. నీ సినిమాలో అన్నిటికన్నా కష్టమైంది ఏదో అది పంపి చూడు. ప్రశ్నలు అడిగేవాడి మీద కోపం దేనికి? ఎప్పుడు పట్టారు, ఐసు ఎప్పుడు వేశారు అని నేనూ అడుగుతాను.

వేళకి తిను.

ఇట్లు
మీ ఊరావిడ

*

గుడివాడ,
ఆగస్టు 24

మా అమ్మ ఎల్లమ్మకు,

నీ ఉత్తరం శనివారం చేరింది. చదివి ఏడ్చాను, నవ్వాను, తర్వాత పదిహేడో సీను తీశాను. గాలివానలో ఆరుగురు వల లాగుతుంటారు. వలలోని ప్రతి కన్ను నుంచీ నీళ్ళు కారాలి. మా దగ్గర ఒక్క బొమ్మకే గంట పట్టేది. దాన్నే మూడు సంస్థలకీ పంపాను.

మొదటిది ఆరు నిమిషాల్లో "పూర్తయింది" అని పంపేసింది. వాన బాగుంది, అలలు బాగున్నాయి, వల లేదు! ఆరుగురు మగాళ్ళు ఉత్త చేతులతో గాలి లాగుతున్నారు. వల అల్లడానికి మేం వాడిన పనిముట్టు వాళ్ళ కంప్యూటర్లలో లేదట. లేదని చెప్పను కూడా చెప్పలేదు, వదిలేసి పంపారు. రెండోది మధ్యలోనే ఆగిపోయింది. మూడోది మళ్ళీ ప్రశ్నలు వేసింది. ఈసారి ఓపిగ్గా అన్నిటికీ జవాబిచ్చాను, వల ఫైళ్ళు విడిగా పంపాను. పావుగంటకి బొమ్మ వచ్చింది. కన్నుకన్నుకీ నీటిబొట్టు వేలాడుతోంది.

సోమవారం రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి మూడోదాని పేరు చెప్పాను. క్రాంతి కుమార్ గారు మొదటి బొమ్మ చూసి, "వీళ్ళు పడవలో తాడు లేకుండా తాడు లాగే ఆట ఆడుతున్నారా ఏమిటండీ!" అన్నారు. అందరూ నవ్వారు. సాల్మన్ రాజు సార్ మాత్రం నవ్వలేదు.

"మొన్న మొదటిదే అన్నావుగా. కష్టమైన సీనుతో చూడాలని ఏ కోర్సులో చెప్పారమ్మా?"

"కోర్సు కాదండీ. మా అమ్మ చెప్పింది. నాగాయలంక రేవులో వేలంలో చేపలు పాడుకుని అమ్ముతుంది. జూన్‌లో పీతలు తెచ్చింది ఆవిడేనండీ."

"మీ ఊరావిడ అన్నారు?" అన్నారు క్రాంతి కుమార్ గారు.

"అబద్ధం చెప్పానండీ. మా అమ్మ."

 సార్ మౌసు నా వైపు జరిపి, "మూడోదానికే పంపు" అన్నారు.

ఆరో రోజుకి ఆరు వేల బొమ్మలూ వచ్చేశాయి. అన్నింటిలోనూ ఉండాల్సినవన్నీ ఉన్నాయి. ఒక్కోటీ చూశాను.

నాన్నతో కలిసి 28నే గుడివాడ రా. మెట్ల మీద ఆగకు, పైకి రా. ఎవరని ఎవరూ అడగకముందే నేనే చెబుతాను. మర్నాడు అందరం కలిసి బందరు వెళ్దాం. పంపే ముందు పదిహేడో సీనులో ఒక్క మార్పు చేశానమ్మా. వల అడుగున ఒక చందువ ఉంటుంది, మొప్ప కాస్త ఎత్తి, లోపల ఎర్రగా వేశాను. హార్బరులో ఇంకెవరూ అంత అడుక్కి చూడరు. నువ్వు చూస్తావు.

ఎల్లమ్మ కూతురు
దుర్గాదేవి